సీ రాకపోతే పైథాన్ ముట్టుకోకూడదా?

కాలేజీలు తెరిచే రోజుల్లో ఒక మెసేజ్ వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతుంది. సీ, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ లాంగ్వేజీల్లో ఏది ముందు నేర్చుకోవాలన్నదే అందులో విషయం. దాని సారాంశం ఇది: "బీటెక్‌లో చేరిన పిల్లలు ముందు సీ నేర్చుకోండి. సీ లేకుండా పైథాన్ అంటే పునాది లేని మేడ. అసలు పైథాన్‌ను రాసిందే సీలో. పైథాన్‌తో మొదలుపెడితే మెమరీ సంగతి తెలియదు. పైగా అది స్లో. దానికి అలవాటు పడితే ఇంకో లాంగ్వేజ్ ఎక్కదు." ఇది చదివి టెన్షన్ పడుతున్న పిల్లల కోసం ఒక్కో మాటా చూద్దాం.

పైథాన్‌ను రాసింది సీలోనే అన్నది నిజం. మనం మామూలుగా డౌన్‌లోడ్ చేసుకునే పైథాన్ అదే. అయితే ఏంటట? సీ కంపైలర్ (మనం రాసిన కోడ్‌ను కంప్యూటర్‌కు అర్థమయ్యేలా మార్చే ప్రోగ్రాం) చివరికి ఇచ్చేది మెషీన్ కోడ్. యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌నే మొదట అసెంబ్లీలో (మెషీన్ కోడ్‌కు బాగా దగ్గరగా ఉండే భాష) రాసి, 1973లో సీలోకి తిరగరాశారు. ఈ లెక్కన సీకి ముందు అసెంబ్లీ, దానికి ముందు ట్రాన్సిస్టర్లు నేర్చుకోవాలి. మెసేజ్ రాసినాయన మాత్రం సరిగ్గా తను నేర్చుకున్న మెట్టు దగ్గరే ఆగాడు!

ఇక పునాది. చాలా కాలేజీ ల్యాబుల్లో సీ అంటే టర్బో సీ అనే పాత కంపైలర్, ఆ నీలం తెర. అందులో ఇంట్ (పూర్ణాంకాలు దాచే టైపు) సైజు 2 బైట్లు, అందులో పట్టే అతిపెద్ద సంఖ్య 32767. 32767 ఉన్న ఇంట్‌కు ఒకటి కలిపితే -32768 అవుతుంది. ఇప్పటి కంపైలర్లలో ఇంట్ మామూలుగా 4 బైట్లు, కాబట్టి అక్కడ అలా జరగదు. డాస్ కాలపు కంపైలర్ పరిమితిని బట్టీ పట్టించి దాన్ని పునాది అంటే ఎలా? స్కాన్‌ఎఫ్‌లో (ఇన్‌పుట్ తీసుకునే ఫంక్షన్) '&' మర్చిపోయి ప్రోగ్రాం కూలిపోతే, మొదటి వారం పిల్లాడికి అది ఎందుకు కూలిందో చెప్పడానికి కూడా వీలుండదు, పాయింటర్ల (మెమరీలో చోటు చిరునామాను దాచుకునే వేరియబుల్స్) పాఠం ఇంకా రాలేదు కాబట్టి.

అదే పైథాన్‌లో ఇన్‌పుట్‌తో రెండు అంకెలు తీసుకుని కలపమనండి. 5, 6 ఇస్తే 56 వస్తుంది. ఇన్‌పుట్ ఇచ్చేది స్ట్రింగ్ (అక్షరాల వరుస) కాబట్టి రెండింటినీ పక్కపక్కన అతికించింది. ఇంట్‌లోకి మార్చి కలిపితే 11. డేటా టైప్ అంటే ఏంటో ఒక్క దెబ్బకు తెలిసిపోతుంది. పునాది అంటే నా లెక్కలో ఇది: ఈ లైన్ దగ్గర ఈ వేరియబుల్‌లో ఏముందో కాగితం మీద రాసి చెప్పగలగడం.

"మెమరీ సంగతి తెలియదు" అన్నది కొంత నిజం, అందుకే దీని దగ్గర కాసేపు ఆగాలి. మెమరీ అడిగి తీసుకునే మాలోక్, తిరిగి ఇచ్చేసే ఫ్రీ లాంటివి పైథాన్‌లో మన చేతిలో ఉండవు. కానీ మార్కులు అనే లిస్టులో 40, 55, 70 పెట్టండి. తర్వాత కాపీ = మార్కులు అని రాసి, కాపీకి 90 అపెండ్ చేయండి, అంటే చివర చేర్చండి. ఇప్పుడు మార్కులు ప్రింట్ చేస్తే అందులోనూ 90 కనబడుతుంది! పేర్లు రెండు, లిస్టు ఒకటే. ఇది బుర్రకెక్కినవాడికి రేపు పాయింటర్ అంటే సగం భయం పోయినట్టే.

మరొకటి, ఇది మన భాషదే. పైథాన్‌లో 'తెలుగు' అనే మాట పొడవు లెన్‌తో అడగండి. మనకు మూడక్షరాలు. అది 6 అంటుంది: త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. అదే మాటను యూటీఎఫ్-8లో (అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతి) దాచి సీలో బైట్లు లెక్కపెట్టే స్ట్రెలెన్‌తో అడిగితే 18, ఎందుకంటే ఆ ఆరింటిలో ఒక్కోదానికి 3 బైట్లు. మెమరీ గురించి మాట్లాడటానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఏ ల్యాబ్ మాన్యువల్లోనూ నాకు కనబడలేదు.

స్లో అన్నమాట నిజమే. మామూలు లూపుల్లో సీతో పోటీ పడలేదు. అరవై మంది మార్కుల సగటు లెక్కించే పిల్లలకు ఆ తేడా కనబడదు. భారీ లెక్కలకు వాడే నంపై అనే పైథాన్ లైబ్రరీ లోపల బరువు మోసేది ఎలాగూ సీ కోడే.

ఇంకో లాంగ్వేజ్ ఎక్కదన్నదే అసలు పసలేని మాట. అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ తన తొలి ప్రోగ్రామింగ్ కోర్సును స్కీమ్ అనే లాంగ్వేజ్ నుంచి పైథాన్‌కు మార్చి పదిహేనేళ్లు దాటింది. మన సీబీఎస్ఈ 11, 12 తరగతుల కంప్యూటర్ సైన్స్‌లోనూ పైథానే. లూప్, ఫంక్షన్, రికర్షన్ (ఫంక్షన్ తనను తానే పిలవడం) ఒకచోట వస్తే రెండోచోట కొత్తగా నేర్చుకునేది సెమికోలన్లు, టైపులు ప్రకటించడం, ఆ తర్వాత పాయింటర్లు.

సీ అక్కర్లేదని మాత్రం నేను అనను. ఎంబెడెడ్ పనికి (యంత్రాల్లో ఉండే చిన్న కంప్యూటర్లకు కోడ్ రాయడం), ఆపరేటింగ్ సిస్టమ్స్‌కు అది కావాల్సిందే. ఎంటెక్ ప్రవేశానికి రాసే గేట్ పరీక్ష కంప్యూటర్ సైన్స్ సిలబస్‌లో ఉన్నది కూడా సీనే. 2024 నుంచి పెట్టిన డేటా సైన్స్, ఏఐ పేపర్లో మాత్రం పైథాన్ ఉంది. ఏ పేపర్ రాస్తారో ఇంకా తేల్చుకోని మొదటి ఏడాది వాళ్లు చేతిలో ఉన్న పైథాన్ పాఠం పూర్తి చేసి, సెలవుల్లో సీ పట్టుకోండి.