‘ఇచ్చాం’ అను క్రియాపదము

మార్చి 8న మా కార్యాలయంలో మహిళా దినోత్సవ సభ జరిగింది. వేదిక మీద ఆరుగురు మగవారు కూర్చున్నారు. మహిళా దినోత్సవం కదా, ఆ రోజైనా ఆడవాళ్లకు శ్రమ ఉండకూడదని వేదిక బరువంతా వాళ్లే మోశారు. ముఖ్య అతిథి మైకు అందుకుని, గొంతు సవరించుకుని, "నూరేళ్ల కిందటే మనం ఆడవాళ్లకు హక్కులన్నీ ఇచ్చేశాం" అన్నారు. చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను. చేతులు ముందు పని కానిచ్చేశాయి, బుర్ర తీరిగ్గా తరవాత వచ్చింది.

ఆ రాత్రి నుంచి నాకు నిద్ర లేదు. నన్ను పట్టుకున్నది హక్కుల బెంగ కాదు, వ్యాకరణం.

ముందు ఆ "మనం" సంగతి చూద్దాం. వినేవాళ్లను కలుపుకుంటే మనం, బయట పెడితే మేము. తెలుగులో ఉన్న ఈ సదుపాయం చాలా భాషలకు లేదు. ఆయన "మేము ఇచ్చాం" అని ఉంటే లెక్క సరిపోయేది. వేదిక ఇచ్చింది, కింది కుర్చీలు పుచ్చుకున్నాయి. కానీ ఆయన "మనం" అన్నారు. హాల్లో కింద కూర్చున్నదంతా ఆడవాళ్లమే. అంటే నా హక్కులు నేనే నాకు ఇచ్చుకున్నాను. ఏ చేత్తో ఇచ్చుకున్నానో, ఏ చేత్తో పుచ్చుకున్నానో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు.

ఇక "ఇచ్చేశాం". మామూలు ఇచ్చాంకూ దీనికీ తేడా ఉంది. ఇది బాకీ తీర్చిన ఆసామి గొంతు. ఇక మా గుమ్మం తొక్కకండి అన్న అర్థం ఆ "ఏశాం"లోనే ఉంది. పుస్తకాలు రాసేవారు మరీ మర్యాదస్థులు, వాళ్లు "లభించింది" అంటారు. 1893లో న్యూజిలాండ్ స్త్రీలకు ఓటు హక్కు లభించింది. దారిన పోతుంటే ఎవరిదో గొడుగు లభించినట్టు. ఆ గొడుగు కోసం కేట్ షెపర్డ్, ఆమె తోటివారు ఊరూరా తిరిగి దాదాపు 32,000 సంతకాలు సేకరించారు. ఆ కాగితాల్లో చాలావాటిని ఒకదాని చివర ఒకటి అతికించి, చీపురు కర్రకు చుట్టి పార్లమెంటుకు పంపారు. సభలో దాన్ని దొర్లిస్తే కాగితం పరుచుకుంటూ పోయి ఆ కర్ర అవతలి గోడకు ఠంగున కొట్టుకుందట. ఇంటింటా ఆడవాళ్ల చేతికి ఎవరూ అడగకుండానే ఇచ్చిన వస్తువు చీపురొక్కటే. దాన్ని వాళ్లు ఎంత పొదుపుగా వాడుకున్నారో చూడండి.

అడగగానే ఇచ్చిన సందర్భాలు అసలు లేవని నేననను. ఫ్రెంచి విప్లవం మగవాడి హక్కులు ప్రకటించి ఊరుకుంటే, 1791లో ఒలాంప్ ద గూజ్ అనే రచయిత్రి స్త్రీల హక్కుల ప్రకటన రాసింది. స్త్రీకి వధ్యవేదిక ఎక్కే హక్కు ఉన్నప్పుడు ప్రసంగ వేదిక ఎక్కే హక్కు కూడా ఉండాలంది. రెండింటిలో మొదటిది 1793లోనే, ఆలస్యం లేకుండా ఇచ్చారు, తల నరికే గిలటిన్ మీద. రెండోదానికి కొంత వ్యవధి పట్టింది. అక్కడ స్త్రీలకు ఓటు 1944లో వచ్చింది. పెళ్లయిన స్త్రీ భర్త అనుమతి లేకుండా తన పేరిట బ్యాంకు ఖాతా తెరవడం 1965లో. ముఖ్య అతిథిగారి నూరేళ్లు ఏ పంచాంగంలోవో నాకు అంతుపట్టలేదు.

ఇవ్వడం అనే క్రియ జరుగుతుండగా కళ్లారా చూడాలంటే స్విట్జర్లాండ్ వెళ్లాలి. అక్కడ స్త్రీలకు ఓటు ఇవ్వాలా వద్దా అని 1959లో ఓటింగు పెట్టారు. ఓటు వేసేది మగవాళ్లే కనుక వారి అభిప్రాయమే అడిగారు. మూడింట రెండు వంతుల మంది వద్దన్నారు. 1971లో మళ్లీ అడిగితే అదే మూడింట రెండు వంతులు సరేనన్నారు. పన్నెండేళ్లలో స్త్రీలలో వచ్చిన మార్పు ఏమిటో ఎవరూ చెప్పలేదు.

అది దేశం మాట. లోపల అపెన్‌జెల్ ఇన్నర్‌రోడెన్ అని ఒక చిన్న క్యాంటన్, అంటే రాష్ట్రం, ఉంది. ఏటా ఏప్రిల్ చివరి ఆదివారం జనం మైదానంలో నిలబడి, చేతులెత్తి, తమ పాలన తామే తేల్చుకుంటారు. జనం అంటే అప్పటికి మగవాళ్లని అర్థం. నడుముకు కత్తి వేలాడుతుంటే అదే ఓటరు గుర్తింపు. 1990 ఏప్రిల్‌లో ఆ కత్తుల గుంపు ముందుకు ప్రశ్న వచ్చింది: మన ఆడవాళ్లను కూడా చెయ్యెత్తనిద్దామా? వద్దన్నారు. అదే నెలలో మానవజాతి హబుల్ టెలిస్కోపును అంతరిక్షంలోకి పంపింది. కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న నక్షత్ర మండలాలను చూడడానికి.

ఆ ఎత్తిన చేతులు నా కళ్ల ముందు నుంచి పోవడం లేదు. చెయ్యి పైకి లేచినప్పుడు చంక దగ్గర చొక్కా కుట్టు కనిపిస్తుంది కదా, ఆ కుట్టు వేసిందెవరు? పొద్దున కత్తి కనిపించక ఇల్లంతా అరిచి గోల చేసినప్పుడు, నిరుడు పెట్టిన చోటునే ఉందని తీసి ఇచ్చిందెవరు? సభ ముగిసి ఇల్లు చేరిన పెద్దమనిషిని భార్య అడిగి ఉంటుంది, ఏమైందండీ అని. "నీ గురించే మాట్లాడుకున్నాం, వద్దనుకున్నాం" అని చెప్పి, కత్తి విప్పి ఆమె చేతికే ఇచ్చి ఉంటాడు, లోపల పెట్టమని. ఇవ్వడమంటే అదీ!

ఆ నవంబరులో సుప్రీంకోర్టు కలగజేసుకుంది. క్యాంటన్ రాజ్యాంగంలో పౌరులను సూచించే మాటల్లో స్త్రీలు కూడా ఉన్నట్టే అర్థం చేసుకోవాలంది. అక్కడా చివరికి తేల్చింది వ్యాకరణమే. కనుక నా జబ్బును ఎవరూ తేలిగ్గా తీసెయ్యకండి.

ఇంతవరకు నవ్వుతూ రాశాను. కాన్‌స్టన్స్ లిట్టన్ దగ్గరికి వచ్చేసరికి నాకు నవ్వు రాదు. మన దేశానికి వైస్రాయిగా చేసిన లిట్టన్ ప్రభువు కూతురు ఆమె. 1909లో ఇంగ్లండులో ఓటు కోసం జైలుకు వెళ్లి నిరాహార దీక్ష చేస్తే, డాక్టర్లు ఎంతో శ్రద్ధగా పరీక్షించి, గుండె బలహీనంగా ఉందని విడిచిపెట్టారు. ఆ శ్రద్ధ తన గుండె మీదా, తన ఇంటి పేరు మీదా అని ఆమెకు అనుమానం వచ్చింది. 1910 జనవరిలో జుట్టు కత్తిరించుకుని, చవక కళ్లజోడు పెట్టుకుని, జేన్ వార్టన్ అనే కుట్టుపని మనిషిగా లివర్‌పూల్‌లో అరెస్టయింది. అదే గుండె. ఈసారి దాన్ని పరీక్షించే తీరిక ఎవరికీ లేకపోయింది. దవడల మధ్య ఉక్కు కొక్కెం దూర్చి నోరు పెగలదీశారు. గొంతులోకి గొట్టం దింపి, పట్టుకుని, పోశారు. ఆమె వాంతి చేసుకుంటే డాక్టరు చెంప మీద కొట్టాడు. ఒకసారి కాదు, ఎనిమిదిసార్లు పోశారు. జైళ్లలో సాగుతున్న ఈ పనిని ప్రభుత్వం పార్లమెంటులో "ఆసుపత్రి చికిత్స" అంది. చికిత్స ఇచ్చాం అన్నమాట. అక్కడా ఇదే క్రియ!

ఏమిచ్చారయ్యా మీరు? 1912లో పక్షవాతం వచ్చి ఆమె కుడి చెయ్యి పడిపోయింది. ఎడమ చేత్తో కూడబలుక్కుని ఆ జైళ్ల కథ పుస్తకం రాసింది. ఆ ఎడమ చేతి అక్షరాల ముందు మైకు పట్టుకుని "ఇచ్చేశాం" అనడానికి నోరెలా వస్తుంది? 1918లో మీరు ఇచ్చినదైనా ఎంత? మగవాడికి 21 చాలు, ఆడదానికి 30 నిండాలి, పైగా ఇల్లో ఆస్తో ఆధారం చూపాలి. నిజంగానే జేన్ వార్టన్ అనే, ఇల్లూ ఆస్తీ లేని పాతికేళ్ల కుట్టుపని పిల్ల ఉండి ఉంటే, 1928 దాకా ఆమెకు ఓటు లేదు.

మళ్లీ సభకు వస్తాను. ఆ సభ పెట్టుకున్న తేదీ కూడా ఊరికే లభించింది కాదు. 1917లో రష్యా రాజధాని పెట్రోగ్రాడ్‌లో మిల్లు కార్మిక స్త్రీలు రొట్టె కోసం పని ఆపి వీధుల్లోకి వచ్చిన రోజది. వారం తిరిగేసరికి జారు చక్రవర్తి గద్దె దిగాడు. ఆయన కూడా, మనం గద్దె ఇచ్చేశాం అనుకుని ఉంటాడు.

చివర్లో ఆడవాళ్లందరికీ తలా ఒక రోజా పువ్వు అన్నారు. వరసలో నిలబడ్డాం. గుమాస్తా ఒక రిజిస్టరు తెరిచి పెట్టుకున్నాడు: పేరు, హోదా, ముట్టిన వస్తువు, సంతకం.

"ముందు సంతకం పెట్టండి మేడం, ఆడిట్‌కు చూపించాలి" అన్నాడు.

పెట్టాను. పువ్వు ఏదీ అని అడిగాను.

"ఆరు తక్కువయ్యాయి మేడం" అన్నాడు, నిజంగానే నొచ్చుకుంటూ. "వేదిక మీద వాళ్లకు ముందు ఇచ్చేశాం."