తాళం చెవి విద్యార్థుల చేతికివ్వండి

1971 మే నెలలో వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా వాషింగ్టన్ దద్దరిల్లిన సంగతి తెలిసిందే. మే 3వ తేదీ ఒక్కరోజే 7 వేల మందికి పైగా అరెస్టయ్యారు. పోటోమాక్ నది ఒడ్డున విడిది చేసిన నిరసనకారులను పోలీసులు ఖాళీ చేయిస్తే, వారిలో కొందరు అదే నగరంలోని జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయానికి చేరుకున్నారు. పోలీసులు అక్కడికీ వచ్చి, క్యాంపస్ లోపలే బాష్పవాయువు ప్రయోగించారు.

తమ హక్కులకు భంగం కలిగిందంటూ విద్యార్థి నాయకులు న్యాయపోరాటానికి సిద్ధపడ్డారు. అప్పుడు గానీ వారికి అసలు సంగతి తెలిసిరాలేదు. విద్యార్థి సంఘానికి విశ్వవిద్యాలయం నుంచి వేరుగా చట్టం ముందు ఉనికే లేదు. ఎన్నికలు జరుగుతాయి, అధ్యక్షుడు ఉంటాడు, తీర్మానాలు ఆమోదిస్తారు. సొంత పేరుతో కోర్టు గడప తొక్కే దారి మాత్రం లేదు. అందుకే నాటి విద్యార్థి సంఘ అధ్యక్షుడు రోజర్ కొచెట్టి, ఆయన సహచరులు 1972లో ‘స్టూడెంట్స్ ఆఫ్ జార్జ్‌టౌన్ ఇన్‌కార్పొరేటెడ్’ పేరుతో లాభాపేక్ష లేని సంస్థను రిజిస్టర్ చేయించారు. క్యాంపస్‌లో అందరూ దాన్ని ‘ది కార్ప్’ అనే పిలుస్తారు.

ఈ పుట్టుకే నన్ను కట్టిపడేస్తుంది. హక్కుల కోసం పెట్టిన సంస్థ కొద్ది కాలానికే సరుకులు అమ్మడం మొదలుపెట్టింది. ఆశయం నీరుగారిపోయిందని కొందరు అనుకోవచ్చు. నేను దాన్ని ఆశయం వేళ్లూనుకోవడంగా చూస్తాను. సొంత పేరు, సొంత బ్యాంకు ఖాతా, సొంత ఆదాయం ఉన్నవాడి మాటకు దక్కే విలువ అర్జీ పట్టుకుని నిలబడ్డవాడికి దక్కదు. 1970లలోనే ‘వైటల్ విటిల్స్’ అనే కిరాణా దుకాణం నిలదొక్కుకుంది. 1994లో ‘అన్‌కామన్ గ్రౌండ్స్’ కాఫీ దుకాణం తెరిచారు. తర్వాత లైబ్రరీలోనూ కాఫీ కౌంటరు వచ్చింది. సినిమాలు అద్దెకిచ్చే దుకాణమూ నడిపారు. కాలం మారాక మూసేశారు. మూసివేత నిర్ణయం కూడా విద్యార్థులే తీసుకోవడంలో ఉన్న చదువు ఏ తరగతి గదిలో దొరుకుతుంది? ‘విద్యార్థులకు విద్యార్థుల సేవ’ అన్నది వారి నినాదం. సరుకు తెప్పించేదీ, గల్లాపెట్టె దగ్గర నిలబడేదీ, జీతాలు లెక్కకట్టేదీ డిగ్రీ విద్యార్థులే. మిగులులోంచి తోటివారికి ఉపకార వేతనాలు, క్లబ్బులకు ఆర్థిక సాయం అందుతాయి. అదే క్యాంపస్‌లో 1983లో విద్యార్థులు పరపతి సంఘం కూడా పెట్టారు. డిపాజిట్లు తీసుకుని, అప్పులిచ్చే అసలు సిసలు ఆర్థిక సంస్థ అది. ఇరవై ఏళ్ల పిల్లలు తోటివారి డబ్బుకు పూచీ పడ్డారు.

కార్ప్‌పై విమర్శలు లేకపోలేదు. ఉద్యోగం దొరకడం కష్టమనీ, తెలిసినవారికే పెద్దపీట వేస్తారనీ, అన్ని నేపథ్యాల వారికీ సమానంగా చోటు దక్కడం లేదనీ ఆ క్యాంపస్‌లోనే చాలాసార్లు చర్చ జరిగింది. అవి తోసిపుచ్చదగినవి కావు. అయితే నియామకాలు సరిగా లేవంటే నియామకాలను సరిచేయాలి. ఆ వంకతో దుకాణాన్ని పెద్దల చేతికి అప్పగించాలనడం అన్యాయం.

మన హాస్టళ్లలో చదివినవారికి ఇదేమీ పరాయి కథ కాదు. నేను చదువుకున్న రోజుల్లో మెస్‌ను విద్యార్థుల కమిటీయే నడిపేది. మా మెస్ సెక్రటరీ కౌలు రైతు కొడుకు. తెల్లవారుజామున వంటమనిషిని వెంటబెట్టుకుని కూరగాయల మార్కెట్‌కు వెళ్లేవాడు. వంకాయను అరచేతిలో తిప్పి చూసి, ముచ్చిక దగ్గర గోటితో గీరి, లేతదో ముదురుదో తేల్చేవాడు. నెలాఖరున మొత్తం ఖర్చును తలకింతని పంచి, కాగితం నోటీసు బోర్డుకు అంటించేవాడు. కిందటి నెల కన్నా పది రూపాయలు పెరిగితే ఆ రాత్రి భోజనాల దగ్గర లేచి నిలబడి నూనె ధర దగ్గర్నుంచి అన్నిటికీ లెక్క చెప్పాల్సిందే. ఒకసారి బియ్యం మూటల లెక్క తప్పితే నాలుగు వందల కళ్లు అతడి మీదే. అతడు పుస్తకం తెచ్చి, తప్పు ఎక్కడ జరిగిందో వేలు పెట్టి చూపించాడు. ప్రజాస్వామ్యం అంటే ఏమిటో నాకు ఆ రాత్రే అర్థమైంది. తర్వాత కొన్నేళ్లకు అక్కడికి కాంట్రాక్టరు వచ్చాడు. ఇప్పుడు పప్పు పలుచగా ఉందని పిల్లలు ప్లేట్లు పట్టుకుని రోడ్డు మీద కూర్చోవాల్సి వస్తోంది.

ఉమ్మడి రాష్ట్రంలో 1980ల చివర విద్యార్థి సంఘాల ఎన్నికలు ఆగిపోయాయి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం లాంటి చోట్ల తప్ప, రెండు తెలుగు రాష్ట్రాల క్యాంపస్‌లలో ఓటు పెట్టె చూడని తరాలు గడిచిపోయాయి. ఓటూ లేదు, మెస్ పుస్తకమూ లేదు. మరోవైపు ప్రతి కాలేజీలోనూ ఆంత్రప్రెన్యూర్‌షిప్ పేరిట సదస్సులే. 2015లో హైదరాబాద్‌లో స్టార్టప్‌లకు చేయూతనిచ్చే టీ-హబ్ వచ్చాక ఆ ఉత్సాహం ఇంకా పెరిగింది, మంచిదే. కానీ వేదిక మీద కోట్ల పెట్టుబడుల గురించి మాట్లాడించే కుర్రాడికి అదే కాలేజీలో జిరాక్స్ దుకాణం ఎందుకు అప్పగించరు? అదే కుర్రాడు అమెరికా వెళ్లాక, వీసా నిబంధన అనుమతించే వారానికి 20 గంటలూ క్యాంపస్ క్యాంటీన్లలో చక్కగా పనిచేస్తున్నాడు. అతడి సమర్థత మీద అనుమానం ఇక్కడే ఎందుకు?

దీనికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు. 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం మన చేతిలోనే ఉంది. ఆ చట్టం కింద పొదుపు సంఘాలు రిజిస్టరై, సొంత ఎన్నికలతో, సొంత లెక్కలతో నడుస్తున్నాయి. పల్లెలో పొదుపు సంఘం నడిపే తల్లికి ఉన్న హక్కు, ఎంకామ్ చదివే ఆమె కూతురికి క్యాంపస్‌లో ఉండకూడదా? వచ్చే విద్యా సంవత్సరానికి క్యాంటీన్లు, స్టేషనరీ దుకాణాల టెండర్లు పిలిచేటప్పుడు, ప్రతి విశ్వవిద్యాలయం ఒక్క దుకాణాన్నైనా విద్యార్థుల సహకార సంఘానికి కేటాయించాలి. అద్దె కట్టించుకోండి, ఏటా ఆడిట్ చేయించండి. గల్లాపెట్టె తాళం మాత్రం వాళ్ల దగ్గరే ఉండనివ్వండి.