ఏటీఎంలో సైబీరియా

ఊరికే వచ్చే కుక్క ఒకటే అయితే పెంచుకోవాలా వద్దా అని ఆలోచిస్తాం. రెండు వస్తే వద్దనే మాటే ఎవరికీ గుర్తురాదు, ఏది అన్న తగాదాయే మిగులుతుంది.

మా బావమరిదికి ముంబయి బదిలీ అయింది. అతని సైబీరియన్ హస్కీ పేరు సీజర్. నీలి కళ్లు, తోడేలు ముఖం, పాతిక కిలోల బరువు. సరిగ్గా అప్పుడే పక్క వీధి లెక్కల మాస్టారు అమెరికాలో కూతురి పురిటికి బయలుదేరుతూ తన డాష్‌హండ్‌ను ఎవరికైనా అప్పగించాలనుకున్నారు. దాని పేరు బుజ్జి. ఎత్తు జానెడు, పొడవు మాత్రం మూరకు పైమాటే. నచ్చితే ఉంచుకోండి అంటూ బావమరిది తిరుమల వెళ్లి వచ్చేవరకు సీజర్‌ను మా ఇంట్లో వదిలాడు. అలవాటు పడుతుందని మాస్టారు కూడా బుజ్జిని ముందుగానే పంపేశారు. వేదిక విజయవాడ. కాలం రోహిణి కార్తె. మాది లిఫ్టు లేని మూడో అంతస్తు.

మా అబ్బాయి సీజర్ తరఫు వకీలు.

"1925లో అలాస్కాలోని నోమ్ పట్టణంలో డిఫ్తీరియా ప్రబలితే, మంచుతుఫానులో వెయ్యి కిలోమీటర్లకు పైగా కుక్కల బండ్ల మీదే మందు చేరవేశారు నాన్నా. వాటిలో బాల్టో అనే హస్కీకి న్యూయార్క్ సెంట్రల్ పార్కులో విగ్రహం కూడా ఉంది."

"అయితే సందు చివరి మందుల షాపు నుంచి నా బీపీ మాత్రలు తెమ్మను" అంది మా అమ్మ.

మా ఆవిడ బుజ్జి పక్షం. ఆమె కూడా ఊరికే కూర్చోలేదు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌కు గుర్తుబొమ్మ (మస్కట్) వాల్డి అనే డాష్‌హండ్ అనీ, మారథాన్ పరుగు దారిని కూడా ఆ కుక్క ఆకారంలోనే గీశారనీ ఎక్కడో చదివి వచ్చింది. అంత పొడవుంటే మారథాన్‌కు ఒక్క కుక్క చాలు అన్నాడు మా వాడు. ఆ పూట ఇద్దరికీ మాటల్లేవు.

వాదించేవాళ్లు వాదిస్తున్నారు, మెట్లు మాత్రం నావి. డాష్‌హండ్‌కు పొడవాటి వెన్ను, పొట్టి కాళ్లు. మెట్లు ఎక్కి దిగితే వెన్నులో డిస్కు జారే ప్రమాదం ఉంటుంది కాబట్టి చేతులతో ఎత్తుకునే దించాలని మాస్టారు మరీ మరీ చెప్పారు. హస్కీ సంగతి వేరు. సైబీరియాలో చుక్చీ జాతివాళ్లు దాన్ని బండి లాగడానికే తరతరాలుగా పెంచారు. మెడకు గొలుసు తగిలిందంటే వెనకాల బండి ఉన్నట్టే దాని లెక్క. కాబట్టి చంకలో బుజ్జి, చేతిలో సీజర్ గొలుసు, మధ్యలో నేను. మూడంతస్తులు నేను దిగేవాణ్ని అనడం గౌరవంగా ఉంటుంది గానీ నిజం కాదు.

ఇక బొచ్చు. హస్కీకి రెండు పొరల బొచ్చు. అది రాలడం మొదలైతే సోఫా మీద, చీరల మీద, చివరికి ఇడ్లీ పిండిలోనూ అదే. "మీ బావమరిది దీన్ని కూడా కొండకు తీసుకెళ్లి ఉంటే బాగుండేది. ఇద్దరికీ గుండు అయిపోయేది" అంది అమ్మ. పశువుల డాక్టరు గారిని అడిగితే గుండు మాట ఎత్తవద్దన్నారు. చలినే కాదు, ఎండను కూడా కొంత అడ్డుకునేది ఆ బొచ్చేనట. తీసేస్తే చర్మం కాలిపోతుందట. మరేం చేయమంటారు అంటే, వీలైతే లంబసింగిలో ఇల్లు చూసుకోమన్నారు. నవ్వకుండానే అన్నారు.

కాపలా పరీక్ష గ్యాసు సిలిండరు వచ్చిన రోజు జరిగింది. సీజర్‌ను చూసి గుమ్మం దగ్గరే బిగుసుకుపోయిన సిలిండరు అబ్బాయికి సీజర్ ఎదురెళ్లి, చెయ్యి నాకి, వెల్లకిలా పడుకుని పొట్ట గోకమంది. అతను ధైర్యం చేసి లోపలికి అడుగు పెట్టబోతే కింద నుంచి ఉరుము ఉరిమింది. బుజ్జి! బొరియల్లో దూరి బాడ్జర్ అనే జంతువులను పట్టడానికి జర్మన్లు తయారుచేసిన జాతి అది. అరుపు నేల మాళిగలో నుంచి వచ్చినట్టుంటుంది. సిలిండరు ఆ రోజు మెట్ల మీదే ఉండిపోయింది.

సీజర్ అరవదు, ఊళ వేస్తుంది. తెల్లవారుజామున గుడి మైకులో సుప్రభాతం మొదలైన వెంటనే అది కూడా మెడ పైకెత్తి అందుకునేది. ఇంట్లో కుక్క ఏడిస్తే అరిష్టమని అమ్మ గుమ్మానికి నిమ్మకాయలు కట్టింది. కింది వాటా ఆవిడ కూడా కట్టింది. ఆవిడ కట్టింది అరిష్టానికో, మాకో తెలియదు.

ఒకటో తారీఖు సాయంత్రం మా వీధికి కరెంటు పోయింది. నాలుక చాపి రొప్పుతున్న సీజర్‌ను, ఒంటరిగా వదిలితే తులసికోట తవ్వే బుజ్జిని తీసుకుని కిందికి దిగాను. మెయిన్ రోడ్డు మీద కరెంటు ఉంది. ఎవరో ఏటీఎం తలుపు తెరిచి బయటికి వచ్చారు. ఆ తలుపు సందులోంచి వచ్చిన చల్లగాలి సీజర్ ముక్కుకు తగిలింది. ఆ తరువాత నా చేతిలో గొలుసు లేదు.

లోపల సరిగ్గా ఏసీ కింద, చల్లటి గచ్చు మీద నాలుగు కాళ్లు చాపి పడుకుంది. ముఖంలో మోక్షం. బయట పింఛను డబ్బుల కోసం పెద్ద వరుస. లాగితే రాదు. పిలిస్తే తోక మాత్రం ఆడిస్తుంది. ధైర్యం చేసి లోపలికి వెళ్లబోయినవాళ్ల మీద నా చంకలోని బుజ్జి విరుచుకుపడుతోంది. దాని దృష్టిలో ఏటీఎం ఇప్పుడు మాదే.

"సార్, దానికి ఖాతా ఉందా?" అన్నాడు వాచ్‌మన్.

పెరుగన్నం పెట్టమని ఒకరు, చికెన్ ముక్క చూపించమని మరొకరు, అటవీ శాఖకు ఫోన్ చేయమని ఒక పెద్దాయన. బావమరిదికి ఫోన్ చేశాను. దర్శనం క్యూలోకి ఫోన్లు తీసుకువెళ్లనివ్వరు కదా, స్విచ్ ఆఫ్. ఇంతలో మా ఆవిడే చేసింది.

"ఏమండీ, బుజ్జినే ఉంచుకుంటున్నామని మాస్టారికి చెప్పేశాను."

"మరి సీజర్?"

"దాన్ని ముందు ఇంటికి తీసుకురండి."

తీసుకురావడం గురించే ఆలోచిస్తుండగా మెయిన్ రోడ్డుకూ కరెంటు పోయింది. ఏసీ ఆగింది. సీజర్ లేచి, ఒళ్లు దులుపుకుని, పిలవకుండానే బయటికి వచ్చి నా పక్కన నిలబడింది. మెషీన్ కూడా ఆగిపోయింది. వరుసలోని వాళ్లందరూ కరెంటు నేనే తీసినట్టు నా వైపు చూశారు.

"పక్క సందులో ఇంకో ఏటీఎం ఉంది, అక్కడ జనరేటరు కూడా ఉంటుంది, పదండి" అన్నారు పెద్దాయన.

అందరికంటే ముందు సీజర్ బయలుదేరింది.