బొడ్డు కింద దురద, గుమ్మం ముందు పిల్లి

దురద ఎక్కడ వచ్చినా దురదే గానీ, నలుగురిలో గోక్కోవడానికి వీలున్న చోట వస్తే అదొక అదృష్టం. నాకు సరిగ్గా బొడ్డు కింద, ప్యాంటు గుండీకి కాస్త పైన వచ్చింది. ఆఫీసులో నాది కౌంటర్ సీటు, ఎదురుగా ఎప్పుడూ జనం. చెయ్యి కిందికి పోతే పరువు పోతుంది, పోకపోతే ప్రాణం పోతుంది. అందుకని సొరుగులో స్టాంపు ప్యాడ్ వెతుకుతున్నట్టు ముందుకు వంగి, టేబుల్ అంచుకి పొట్ట ఆనించి అటూ ఇటూ రాసుకోవడం నేర్చుకున్నాను. "ఏం పోయింది సార్ ఆ సొరుగులో? వచ్చినకాడ్నించీ చూస్తా ఉండా, వెతకతానే ఉండారు" అని ఒక పెద్దాయన అడిగేదాకా ఆ విద్య బాగానే సాగింది.

అప్పుడు రోహిణి కార్తె. రోళ్లు పగిలే ఎండలంటారే, నెల్లూరులో రోలే కాదు, రోకలి పట్టుకున్న మనిషి కూడా పగులుతాడు. కాబట్టి చెమటకాయలే అనుకుని పౌడరు చల్లుకున్నాను. కానీ చెమటకాయలకి ఒక పద్ధతంటూ ఉండదు కదా, వీపంతా ఆవాలు చల్లినట్టు వస్తాయి. ఇది అలా కాదు. చదరంగా, స్కేలు పెట్టి గీసినట్టు, నాలుగు మూలలతో ఎర్రగా ఉంది. దురదకి మూలలెందుకుంటాయని నాకు తట్టలేదు. ఆ తర్వాత నా పొట్టని చూసిన తొమ్మిదిమందిలో ఎవరికీ తట్టలేదు.

తొమ్మిదిమందా అనుకోకండి. మా మూలాపేటలో ఒంటిమీద ఏదైనా లేస్తే డాక్టరు కంటే ముందు వీధి చూడాలి. ఎదురింటి అక్క వేపాకు నీళ్లతో కడగమంది. కడిగితే కడిగినంతసేపూ హాయిగా ఉంది, తుడుచుకోగానే మళ్లీ మొదలు. కందుకూరు నుంచి మా పెద్దమ్మ ఫోన్లోనే జబ్బు చూసేసి కలబంద చెప్పింది. మట్టని కోసి, నిలబెట్టి, కోసినచోట పసుపుపచ్చగా కారే జిగురంతా పోయాక, లోపలి తెల్లటి గుజ్జు మాత్రమే పూయాలట. నేనేమో ఒక చేత్తో ఫోను పట్టుకుని రెండో చేత్తో గోక్కుంటూ విన్నాను. 'కలబంద' అన్నంతవరకే చెవికెక్కింది. కోసింది కోసినట్టే పచ్చ జిగురుతో సహా రుద్దేశాను. గుజ్జు చల్లనిదే, ఆ జిగురే చెడ్డది. పాత దురదకి తోడుగా కొత్త దురద వచ్చి కూర్చుంది.

తర్వాత పసుపు. కొబ్బరినూనెలో కలిపి దట్టంగా పట్టించి, పైన బనీను వేసుకుని పడుకున్నాను. తెల్లారి పెరట్లోంచి మా ఆవిడ కేక. "ఏమయ్యా! ఇంత రక్తం పోతా ఉంటే చెప్పవే?" వెళ్లి చూస్తే బండమీద బనీను, దానికి సబ్బు రాసినమేరా ఎర్రటి మరకలు. నాకూ కాళ్లు వణికాయి. పసుపులో సున్నం పడితే పారాణి అవుతుందని తెలియని తెలుగువాడు లేడు, మా పెళ్లిలో ఇద్దరం కాళ్లకి పెట్టుకున్నాం కూడా. సబ్బులోనూ ఆ సున్నం గుణమే ఉందని మాత్రం ఆ బండ దగ్గర ఇద్దరికీ గుర్తు రాలేదు. బనీను ఎండలో ఆరేస్తే సాయంత్రానికి మరక వెలిసిపోయింది. నన్ను ఎండలో ఆరేసినా దురద పోయేట్టు లేదు.

అప్పుడొచ్చాడు మా బాబాయి. ఈయన గురించి కొంచెం చెప్పాలి. 2021 మే నెలలో కరోనా మందు కోసం జనమంతా కృష్ణపట్నం దారి పట్టినప్పుడు ఈయనా వెళ్లి వరసలో నిలబడ్డాడు. తన వంతు రాకముందే పంపిణీ ఆగిపోయింది. ఆరోజు చేతికందని మందు ఆయన మనసులో అలా నిలబడిపోయి, ఎవరిమీదా ఆధారపడకూడదని తనే వైద్యుడయ్యాడు. ఉదయగిరి వైపు ఎవరు వెళ్తున్నా దుర్గం కొండ మీది వేర్లు గోతాంలో తెప్పించుకుంటాడు. వాళ్లింట్లో పప్పుల డబ్బాలకి పేర్లు రాసి ఉండవు గానీ వేళ్ల డబ్బాలకి ఉంటాయి.

నా పొట్ట ముందు గొంతుకూర్చుని, కళ్లజోడు పైకి తోసి, "ఒరే అబ్బయ్యా, ఇది పైపైన దురద కాదురా. లోపలి వేడి బయటికొస్తా ఉంది" అన్నాడు. లోపలి వేడి నాలుగు మూలలతో ఎందుకొస్తుందని నేనూ అడగలేదు. "కుప్పింటాకు పడాల. సమూలంగా నూరాల."

సమూలంగా అంటే వేరుతో సహా. కుప్పింటాకు కోసం దుర్గం ఎక్కాల్సిన పని లేదు, మా ప్రహరీ పక్కన చెత్త పోసేచోటే మూరెడెత్తు పెరిగి ఉంది. రంపపు పళ్లలాంటి అంచులున్న ఆకులు, కాడ పొడుగునా చిన్నచిన్న ఆకుపచ్చ దొప్పలు. బాబాయి నాలుగు మొక్కలు పీకి, మట్టి కడిగి, కల్వంలో వేసి, గుప్పెడు కల్లుప్పు పోసి నూరడం మొదలుపెట్టాడు. కల్లుప్పు చూడగానే నాకు భయమేసింది. గోకి గోకి తోలు లేచిపోయి ఉంది. "ఉప్పు ఎందుకు బాబాయ్?" అంటే, "ఉప్పు లేకుండా కూర తింటావంట్రా?" అన్నాడు. దీనికి జవాబేముంది?

పూశాక నేను వేసిన కేక ఎదురింటి అక్కకి వినపడి బయటికొచ్చింది. "మంటెత్తిందంటే మందు పనిచేస్తా ఉన్నట్టు" అన్నాడు బాబాయి తృప్తిగా, చెయ్యి కడుక్కుంటూ.

ఆ రాత్రి కరెంటు పోయింది. పంచె వదులుగా కట్టుకుని మిద్దెమీద పడుకున్నాను. అర్ధరాత్రి పొట్టమీద ఏదో మెత్తగా తగిలింది. ఆకు మందు చల్లబరుస్తోంది కాబోలనుకుని నిద్రలోనే సంతోషించాను. కాసేపటికి ఆ చల్లదనం గుర్రుగుర్రుమంది. కళ్లు తెరిస్తే వీధిలో తిరిగే బూడిదరంగు గండుపిల్లి. నా బొడ్డు కింద బుగ్గ ఆనించి కళ్లు మూసుకుని రాస్తోంది, తర్వాత పక్కకి దొర్లింది, మళ్లీ లేచి వాసన చూసింది. నేను కదిలేలోపు పిట్టగోడ మీంచి ఇంకొకటి దిగింది. తర్వాత ఆ రెండూ నా కోసం కొట్టుకున్నాయి. నా జీవితంలో నాకోసం ఎవరైనా కొట్టుకోవడం అదే మొదటిసారి. కాకపోతే ఆ యుద్ధభూమి నా పొట్ట.

పొద్దున పక్కవాటాలో ఉండే తమిళావిడ నా గీతలు చూసి నవ్వాపుకోలేకపోయింది. కుప్పింటాకుకి వాళ్ల భాషలో పూనైవణంగి అని ఇంకో పేరుందట, అంటే పిల్లి మొక్కేది అని. దాని వేరు వాసనంటే పిల్లులు పడి చస్తాయట. ఆకు వరకు నూరి ఊరుకున్నా సరిపోయేది. సమూలం చేసిన పని అది.

అప్పటికి మా ఆవిడ నన్నింక ఎవరికీ చూపించకుండా ఆటో ఎక్కించి పొగతోటలో చర్మం డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది. ఆవిడ నా పొట్టని పట్టుమని పది సెకన్లు చూసి, "బెల్టు తీసివ్వండి" అంది. చిన్నబజారులో బండిమీద నూటయాభైకి కొన్న కొత్త బెల్టు, తళతళలాడే చదరపు బకిలు. డాక్టరమ్మ దూదిపుల్లకి రెండు సీసాల్లోంచి రెండు చుక్కలు వేసి బకిలు వెనక రుద్దింది. దూది గులాబీరంగుకి తిరిగింది. నికెల్ అట. చెమటకి కొద్దికొద్దిగా కరిగి చర్మంలోకి దిగుతుంది, పడని ఒంటికి ఒకటి రెండు రోజుల తర్వాత పొక్కుతుంది. అంత ఆలస్యంగా పొక్కడం వల్లే బెల్టుమీద ఎవరికీ అనుమానం రాదు. యూరప్‌లో ఇలా ఒంటికి తగిలే వస్తువుల నుంచి ఎంత నికెల్ బయటికి రావచ్చో 1994లోనే హద్దు పెట్టారట.

పసుపులో, వేపలో వాపుని తగ్గించే గుణముందని పరిశోధనలు జరిగాయని, ఆకుల్ని తాను తీసిపారెయ్యనని కూడా చెప్పింది. "కానీ అంటుకున్నదాన్ని తియ్యకుండా పైన ఏం పూస్తే ఏం లాభం? అదీ తోలు లేచిన చోట పచ్చి పసరు, ఉప్పు!" అని ఆయింట్‌మెంట్‌కి చీటీ రాస్తూ రాస్తూ ఆగింది. "ఈ గీతలేంటి?"

"పిల్లి" అన్నాను.

పెన్ను కింద పెట్టింది.

ఆ మధ్యాహ్నమే సర్కారు ఆసుపత్రిలో సూది వరసలో నిలబడ్డాను. ముందూ వెనకా అంతా కుక్క కాటువాళ్లు. అందరూ పిక్క చూపిస్తున్నారు, మోచెయ్యి చూపిస్తున్నారు. నా వంతు వచ్చింది. "ఏ కుక్క, ఊరిదా పెంచిందా?" "కుక్క కాదమ్మా, పిల్లి." "యాడ?" చొక్కా ఎత్తాను. నర్సమ్మ చూసి, పక్కన రాసుకుంటున్న ఆమెను పిలిచి చూపించింది. పదకొండో మనిషి, పన్నెండో మనిషి. 0, 3, 7, 28 రోజులని కార్డు రాసిచ్చి, రెండు చేతులకీ చెరొక సూది గుచ్చారు.

బెల్టు మానేశాక వారానికల్లా దురద పోయింది. "చూశావా, ఆకు పడినాక ఎట్ట తగ్గిందో" అంటున్నాడు బాబాయి. బెల్టు సంగతి చెబితే నమ్మలేదు. "బంగారంలాంటి బెల్టుని పారెయ్యమాక, ఇట్టా ఇయ్యి" అని తీసుకుపోయి రోజూ కట్టుకుంటున్నాడు. ఆయన ఒంటికి నికెల్ పడుతుందనుకుంటా, ఏమీ కాలేదు. కనపడినవాళ్లకల్లా చొక్కా ఎత్తి నున్నటి పొట్ట చూపిస్తున్నాడు, డాక్టర్ల మాటలు వట్టివనడానికి ఇదే సాక్ష్యమని.

నిన్న మూడో విడత సూదులు వేయించుకుని ఇంటికొస్తే ఆ బూడిదరంగు పిల్లి గుమ్మం ముందు కూర్చుని ఉంది. నేను హుష్షన్నా కదల్లేదు. నా మొహం వంక ఒక్కసారైనా చూడలేదు, పొట్ట వంకే చూస్తోంది.