పద్నాలుగణాల వగైరా

బెంగళూరు మారతహళ్లిలో నేనుండే పీజీని నడిపే అన్నది నెల్లూరు. ఆయన ఖాతా పుస్తకంలో బియ్యం, నూనె, గ్యాసు, వంటమనిషి జీతం అయ్యాక చివర్లో 'వగైరా' అని ఒక పద్దు ఉంటుంది. పోయిన నెల అన్నిటికన్నా పెద్ద మొత్తం దానిదే. అదేంటన్నా అంటే, "లెక్కకి రానివన్నీ ఆడ రాసుకుంటా అబ్బయా" అన్నాడు.

పేపర్లో అచ్చేయించుకోలేదు గానీ, ఇది నోబెల్ స్థాయి మాట. 1957లో అమెరికా ఆర్థికవేత్త రాబర్ట్ సోలో చేసిందీ ఇదే. 1909 నుంచి 1949 దాకా అమెరికాలో గంట పనికి వచ్చే ఉత్పత్తి దాదాపు రెట్టింపైంది. అందులో పెట్టుబడి పెరగడం వల్ల వచ్చింది ఎనిమిదో వంతేనట. అంటే రూపాయిలో రెండణాలు. మిగతా పద్నాలుగణాలకి ఆయన 'సాంకేతిక మార్పు' అని పేరు పెట్టాడు. జనం చదువుకోవడం లాంటివి కూడా ఆ మూటలోనే ఉన్నాయని దాచకుండా రాశాడు. అంతకు ముందు ఏడాదే మోజెస్ అబ్రమోవిట్జ్ అనే ఇంకో ఆర్థికవేత్త ఈ మిగులు ఒకరకంగా మన అజ్ఞానానికి కొలత అన్నాడు. ఆయన మా ఆఫీసులో ఉంటే హైక్ వచ్చేది కాదు.

మా టీమ్ సంగతే చూడండి. మనుషులు అంతే, లాప్‌టాప్‌లు అవే. టైమ్‌షీట్ రోజుకి ఎనిమిది గంటలకి మించి తీసుకోదు. కాబట్టి శ్రమ పెరగలేదు, రుజువు కూడా ఉంది. పని మాత్రం బాగా పెరిగింది. మేనేజర్ స్లైడ్ మీద 'ఏఐ టూల్ వల్ల' అని రాశాడు. ఆ టూల్ లాగిన్ మాకింకా రాలేదు. మూడు శనివారాలు అర్ధరాత్రి ఒంటిగంటకి చల్లారిన టీ తాగుతూ కూర్చున్న విజయవాడ కుర్రాడు ఆ స్లైడ్‌కి చప్పట్లు కూడా కొట్టాడు.

ఆలోచనలు ఆకాశం నుంచి ఊడిపడవు, ఎవరో డబ్బు పెట్టి మనుషుల్ని కూర్చోబెడితేనే పుడతాయని 1990లో పాల్ రోమర్ అనే ఆర్థికవేత్త సిద్ధాంతం కట్టాడు. మా కంపెనీ అందులో కూర్చోబెట్టడం వరకే చదివింది.

కంప్యూటర్ యుగం అన్నిచోట్లా కనిపిస్తోంది, ఒక్క ఉత్పాదకత లెక్కల్లో తప్ప అని 1987లో సోలోనే అన్నాడు. అదే ఏడాది ఆయనకి నోబెల్ వచ్చింది.

ఇదంతా ఒక రాత్రి అన్నకి వివరంగా చెప్పాను. గరిటె పట్టుకుని శ్రద్ధగా విన్నాడు. ఒకటో తారీఖున వాట్సాప్ గ్రూపులో మెసేజ్: అద్దె ఐదొందలు పెరిగింది, కారణం టెక్నాలజీ.

"వైఫై కూడా పాతదే కదన్నా?"

"నువ్వు జెప్పిందే గదా అబ్బయా."