గట్టు పక్కన కోస్తే దిగుబడి తెలియదు

గుంటూరు మిర్చి యార్డులో కొనేవాళ్లు టిక్కీ (మిర్చి బస్తా) పైపొర చూసి సరిపెట్టుకోరు. చెయ్యి లోపలికి పెట్టి కాయలు తీసి, రంగు, తేమ, తాలు చూశాకే ధర మాట్లాడతారు. మన సంఘాలు సొంత ఊళ్లలో చేయించే సర్వేల్లో ఈ జాగ్రత్త చాలాసార్లు కనబడదు. వాట్సాప్‌లో ఫారం పంపుతాం, జవాబిచ్చినవాళ్లను లెక్కబెడతాం, అదే ఊరి మాట అనుకుని నిధులిస్తాం. ఈ పద్ధతి మానుకోవాలి.

నూజివీడు, నందిగామ బడుల్లోనూ చదువుకున్న గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు 1945లో, పాతికేళ్ల వయసులో, ఒక హద్దు చూపించారు. చేతిలో ఉన్న నమూనాతో పక్షపాతం లేని అంచనా ఎంత తెలివిగా కట్టినా, దాని చాంచల్యం (నమూనా మారితే అంచనా ఊగే తీరు) ఒక స్థాయి కంటే తగ్గదు. అంటే సూత్రానికి కూడా శక్తి ఇంతేనని ఒక లెక్క ఉంది. ఇక నమూనానే ఒకవైపు ఒరిగిపోతే ఏ సూత్రం కాపాడుతుంది?

ఒరగకుండా ఎలా తీయాలో దిగుబడి అంచనా కోసం వరి చేలో చేసే పంట కోత ప్రయోగం చూస్తే అర్థమవుతుంది. చేను ఏదో లాటరీయే తేలుస్తుంది. నైరుతి మూల నిలబడి పొడవు, వెడల్పు అంగల్లో కొలుస్తారు. రాండమ్ నంబర్లు ఎన్ని అంగలు చెబితే అన్ని అంగలు నడిచి మేకు దిగగొడతారు. అక్కడినుంచి తాడుతో 5 మీటర్ల చదరం కడతారు. మూలమట్టం కుదిరిందో లేదో కర్ణం (మూల నుంచి ఎదురు మూలకు కొలత) చెబుతుంది: 7.07 మీటర్లు రావాలి. తాడు మీద పడిన దుబ్బు సగానికి పైగా లోపలుంటేనే కోత. నూర్చి, తూర్పారబట్టి తూస్తారు; తడి గింజ బరువుతో ఆగకుండా కొంత ఆరబెట్టి మళ్లీ తూస్తారు. 25 చదరపు మీటర్లు హెక్టారులో 400వ వంతు కాబట్టి, ఇక్కడ 100 గ్రాములు తప్పితే అక్కడ 40 కిలోలు తప్పుతుంది.

మేకు పడిన చోట పైరు పలచగా ఉందని పక్కకు జరిపితే ప్రయోగం చెడినట్టే. గట్టు పక్కన దుబ్బులకు వెలుతురు ఎక్కువ, పోటీ తక్కువ. అక్కడే కోస్తే దిగుబడి పెరిగినట్టు కనిపిస్తుంది. చదరం మరీ చిన్నదైనా ఇబ్బందే. 1 మీటరు చదరానికి ఒక చదరపు మీటరుకు 4 మీటర్ల అంచు, 5 మీటర్ల చదరానికి 0.8 మీటరే. అంచు దుబ్బులను లోపలికి లాక్కునే చెయ్యి చిన్న చదరంలో అయిదు రెట్లు దెబ్బ తీస్తుంది. 1940లలో గణాంక శాస్త్రవేత్త సుఖాత్మే చిన్న చదరాల మీద అభ్యంతరం చెప్పింది ఇందుకే.

బెంగాల్ జనపనార సర్వేల్లో మరో గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ వాడిన ఉపాయం నాకు అన్నిటికన్నా నచ్చుతుంది. ఒకే ప్రాంతంలో రెండు విడి నమూనాలు తీసి, రెండు బృందాలకు వేరువేరుగా ఇచ్చారు. వాళ్ల లెక్కల మధ్య తేడా నమూనాల సహజమైన ఊగును మించితే కొలిచేవాళ్ల తప్పు బయటపడుతుంది. మన వాలంటీర్లను కూడా రెండు జట్లుగా పంపడానికి అదనపు ఖర్చు పెద్దగా ఉండదు.

1200 గడపల ఊళ్లో 120 ఇళ్లు చాలనుకుందాం. వరుస జాబితా రాయండి. 1 నుంచి 10 లోపు ఒక చీటీ తీయండి. 7 వస్తే 7, 17, 27... ఇళ్లకే వెళ్లండి. తాళం వేసి ఉంటే వేరే వేళల్లో ఇంకో రెండుసార్లు వెళ్లాలి గానీ పక్కింటి తలుపు తట్టకూడదు. మిరప కోతలకు కూలికి వెళ్లినవాళ్లే పగలు ఇంట్లో దొరకరు, వాళ్ల మాటే మనకు ముఖ్యం. 120 ఇళ్లతో వచ్చే శాతం దాదాపు 9 పాయింట్లు అటూ ఇటూ ఊగుతుంది, పెద్ద ఊళ్లో 400తో 5 పాయింట్లు. విజయవాడంత ఊరికైనా ఆ 400కి అదే ఊగు. ఫారం నింపినవాళ్లు 5000 మంది ఉన్నా, తమంతట తాము ముందుకొచ్చినవాళ్లయితే ఈ హామీ వర్తించదు.

120లో 90 ఇళ్లే జవాబిస్తే, మిగతా 30 ఏ వీధుల్లో ఉన్నాయో నివేదిక మొదటి పేజీలోనే రాయమని సంఘాలను కోరుతున్నాను.