మహారాజశ్రీ కాయిలోవర్ గారికి

అయ్యా,

నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలని ఉంది గానీ, కుశలం మీ ఒక్కరిదే. నా నడుము, నా స్విఫ్టు ముందు బంపరు బాగాలేవు.

షాక్ అబ్జార్బరు (షాకు) చుట్టూ స్ప్రింగు తొడుక్కుని, కారు ఎత్తు మార్చే సరుకు మీరు. అట్టపెట్టెలో మా ఇంటికొచ్చిన రోజు కొత్త పెళ్ళికొడుకులా మెరిసిపోయారు. ఒంటినిండా మరలే. "ఈ రింగు ఇటు తిప్పితే కారు దిగుతుంది, అటు తిప్పితే లేస్తుంది, అంతే" అన్నాడు అమ్మినాయన. బిగించే రోజే మీ గుట్టు సగం తెలిసింది. ముందు చక్రాల దగ్గర స్ప్రింగూ షాకూ ఒకే కాపురం. వెనక మాత్రం వేరు కాపురం, ఎవరి చోటు వాళ్ళదే. సగం కారుకే సరిపోయే పేరు పెట్టుకుని మొత్తం సెట్టుకు డబ్బు తీసుకున్నారు. సరే, పోనీయండి.

కంపెనీ ఇచ్చిన గ్రౌండ్ క్లియరెన్స్, అంటే కారు అడుగుకూ నేలకూ మధ్య ఖాళీ, 163 మిల్లీమీటర్లు. నేను 50 దించాను. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు, అంటే ఇంకా 13 మిల్లీమీటర్లు నాకే మిగలాలి. పైగా దాని వెడల్పు 3.7 మీటర్లు ఉండాలట. నా కారు ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 2.45 మీటర్లే కాబట్టి, కారంతా దాని వీపెక్కి ఏనుగు మీద ఊరేగినట్టు దిగిపోవచ్చు. మా కూకట్‌పల్లి కాలనీలో స్పీడ్ బ్రేకర్ పోసిన మేస్త్రీకి ఈ లెక్క ఎవరూ చెప్పలేదు. రెండు తట్టల సిమెంటు గుట్టగా పోసి, పైన చీపురుతో గీతలు గీసి వెళ్ళిపోయాడు. ఆ గీతల్లో ఇప్పుడు నా బంపరు రంగు ఉంది.

ఇంకా దించుదామని రింగు మరీ కిందికి తిప్పితే ఏమైందో మీకు గుర్తుండే ఉంటుంది. జాకీ ఎత్తగానే స్ప్రింగు వదులైపోయి చేతికి ఆడింది. గుంతలో పడిన ప్రతిసారీ టంగుమని గుడిగంట. ఎత్తు మార్చే రింగూ, స్ప్రింగును బిగించే రింగూ వేర్వేరుగా ఉండే ఖరీదైన మీ అన్నగారికి ఈ జబ్బు ఉండదట. ఆ ముక్క డబ్బులు కట్టాక తెలిసింది.

ఇక షాకు ఎంత గట్టిగా ఉండాలో మార్చే మీ 32 క్లిక్కులు. పూర్తిగా గట్టి వైపు తిప్పి, అక్కణ్ణుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రావాలి. పదిహేడో పద్దెనిమిదో దగ్గర ఉండగా అమ్మ పైనుంచి "కరివేపాకు తెచ్చావా?" అంటుంది. మళ్ళీ మొదటికి. ఒక్కో క్లిక్కుకీ తేడా తెలుస్తోందని స్నేహితులకు చెప్పాను. నిజానికి నా నడుముకు తెలిసినవి రెండే: రాయి, గట్టి రాయి.

నాన్నగారు ఇప్పుడు కారెక్కరు. "దిగడం కాదురా, బావిలోంచి పైకొచ్చినట్టుంది" అన్నారు. దించాక చక్రాల వాలు సరిచేసే అలైన్‌మెంట్ చేయించకుండా రెండు నెలలు తిరిగాను. ముందు టైర్లు బయటికి కొత్తగానే ఉన్నాయి, లోపలి అంచు తిరుపతి గుండు. అది మీ తప్పు కాదు, ఒప్పుకుంటాను. బండిలో సొంత మార్పులకు అడ్డుకట్ట వేసే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ గురించి మా బావ చెప్పబోయాడు. కాఫీ ఇచ్చి మాట మార్చాను.

చివరికి బుద్ధొచ్చి, ఆదివారానికి కొంచెం చొప్పున మిమ్మల్ని పైకి తిప్పుతూ వచ్చాను. మొన్న టేపు పెట్టి కొలిస్తే 155. అంటే వేలకు వేలు పోసి నేను కొనుక్కున్నది 8 మిల్లీమీటర్లు. అదీ మూడు మూలలే. ముందు ఎడమవైపు రింగు వానాకాలం బురదకు పట్టేసింది. కొక్కెం పానాతో లాగితే పానా జారి నా వేలి కణుపు చెక్కుకుపోయింది గానీ అది కదల్లేదు. కారు ఆ వైపుకు ఒరిగి, దారినపోయే వాళ్ళందరికీ నమస్కారం పెడుతోంది.

వచ్చే ఆదివారం వైరు బ్రష్షు, తుప్పు వదిలించే స్ప్రే తీసుకుని మళ్ళీ మీ కింద పడుకుంటాను. దయచేసి ఆ రింగు ఒక్క చుట్టు తిరగనివ్వండి.

ఇట్లు,
మీ కింద పడుకునే విధేయుడు